గట్టి ఉక్కు, మజీద్ మామూ కొసరు

నర్సరావుపేటలో ఖాదర్ వలి ఇల్లెక్కడని అడిగితే చానామంది తెల్లమొహం వేస్తారు. విరగ్గొట్టే సారు ఇల్లనండి, రిక్షావాడు తిన్నగా తీసుకెళ్లి గుమ్మం ముందు దించుతాడు. ఊళ్లో కట్టేవాళ్లున్నారు, అతికేవాళ్లున్నారు. కాలేజీలో కూర్చుని, నెలనెలా జీతం తీసుకుంటూ ఇనుము విరగ్గొట్టేవాడు మాత్రం ఆయనొక్కడే. ఇంక పేరు రాక ఏం చేస్తుంది?

ఈ పేరు పెళ్లిచూపుల్లోనే పడింది. కారంపూడి నుంచి పెళ్లికూతురు అబిదా తరఫు పెద్దాయన వచ్చి, పిల్లోడు ఏం పని చేస్తాడని అడిగాడు. జవాబు చెప్పింది పిల్లోడి మేనమామ అబ్దుల్ మజీద్.

"ఇంజనీరింగు కాలేజీలో లెక్చరరు. ఇనుప పలకల్ని మిషన్లో పెట్టి, రెండువైపులా లాగి విరగ్గొడతాడు."

"ఎందుకు?"

"ఎంతకి విరుగుద్దో తెలుసుకోటానికి."

"తెలుసుకున్నాక?"

మజీద్ మామూ కాసేపు ఆలోచించాడు. "ఇంకోటి విరగ్గొడతాడు," అన్నాడు.

పెద్దాయన గడ్డం నిమురుకుని, మజీద్ చెవి దగ్గరకి వంగి, "ఇంట్లో మనిషి శాంతంగానే ఉంటాడు గదా?" అని అడిగాడు. శాంతం సంగతికేం, ఖాదర్ వలి చీమకి కూడా దారి వదిలే మనిషి. సంబంధం ఖాయమైంది.

ఇలాంటి శాంతమూర్తి ఇనుము జోలికి ఎందుకు పోయాడంటే, పెరిగిందే ఇనుము మధ్య. తండ్రి లారీ మీద తిరిగేవాడు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. పల్నాడు రోడ్డులో మజీద్ మామూ వెల్డింగు షెడ్డే పిల్లవాడికి ఇల్లూ బడీ. కాకపోతే ఆ చేతులకి ఇనుమంటే పగ. ఒకసారి గేటుకి మడతబందు అతకమంటే, గేటుని తీసుకెళ్లి స్తంభానికే అతికేశాడు. ఆ ఇంటివాళ్లు రెండు రోజులు పెరటిదారిన తిరిగారు. మజీద్ మామూ వెళ్లి, గేటు కోసి, వాళ్లకి దణ్ణం పెట్టి, అటునుంచి అటే అక్క దగ్గరికి పోయాడు. "ఆపా, వీడికి పని రాదు. చదివించు," అన్నాడు. అలా ఒక ఇంజనీరు తయారయ్యాడు.

విరగ్గొట్టడం ఏమిటో సరిగ్గా చెప్పకుండా ముందుకు పోతే మీరూ ఆ కారంపూడి పెద్దాయనలాగే అనుమానపడతారు. మామూలు ఇనుముకంటే రెండింతలు బరువు మోసే ఉక్కు అప్పుడప్పుడే మన దేశంలో తయారవుతోంది. ఆ ఉక్కుతో వంతెన కడితే సగం లోహంతో పని తీరిపోతుంది. కానీ వంతెన ఒక్క ముక్కలో రాదుగా, అతకాలి. అతికిన చోట ఆ ఉక్కుకి అంత బలమూ ఉంటుందా, తగ్గుతుందా? తగ్గితే ఎంత? దీనికి జవాబు కావాలని 1980 మార్చిలో ఖాదర్ వలి వాల్తేరులో శేషగిరిరావు అనే ప్రొఫెసరు దగ్గర డాక్టరేటుకి పేరు రాయించుకున్నాడు. గడువు ఏడేళ్లు. 1987 మార్చి ముప్పై ఒకటికల్లా చేసిన పరిశోధన పుస్తకంగా రాసి, యూనివర్సిటీచేత ఒప్పించుకోకపోతే పేరు కొట్టేస్తారు. అప్పుడు చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. కాలేజీవాళ్లు కూడా మొహమాటం లేకుండా చెప్పేశారు, డాక్టరేటు లేకపోతే రిటైరయ్యేదాకా ఫస్టియరు పిల్లలచేత డ్రాయింగు గీతలు గీయించుకుంటూ ఉండాల్సిందేనని.

శేషగిరిరావు గారు మూడేళ్లు ఎవరెవర్నో బతిమాలి ఒక ఫ్యాక్టరీ నుంచి పెట్టెడు ఉక్కు పలకలు పంపించారు. ముప్పై ఆరు అతుకులకి సరిపోతాయి, ఆపైన ఒక్కటి కూడా రాదు. "ఎవరిచేత అతికిస్తావయ్యా?" అని అడిగారు.

"మా మామూ చేత సార్."

"ఆయన చేతి మీద నమ్మకముందా?"

ఈ ప్రశ్నకి ఖాదర్ వలికి కోపమే వచ్చింది. ట్రాక్టరు ట్రక్కులు, మాచర్ల క్వారీల్లో బండలెత్తే గొలుసు కొక్కేలు, కోటప్పకొండ తిరునాళ్లకి లాక్కెళ్లే ఎత్తైన కరెంటు ప్రభల కింద చట్రాలు, అన్నీ మజీద్ మామూ చేతిమీద అతికినవే. "సార్, ఆయన అతికింది ఊడిందని పల్నాడులో ఇంతవరకూ ఎవరూ అనలేదు," అన్నాడు.

పని ఇలా జరిగేది. ఖాదర్ వలి స్కూటరు మీద పలకలు, గీసిన కాగితం పట్టుకుని షెడ్డుకి వెళ్లేవాడు. మజీద్ మామూ కాగితం తీసుకుని, ఎదురుగా ఉన్న టీకొట్టు ముందు కుర్చీ వేయించి, మేనల్లుణ్ణి అందులో కూర్చోబెట్టేవాడు. "లెక్చరరువి. ఈ పొగలో నిలబడతావా? నా పరువేం గాను? కూర్చో," అని టీ, బన్ను చెప్పేవాడు. గంటలో అతుకు తయారు. పైన గీకి నున్నగా చెయ్యమని కాగితంలో ఉండేది. ఎంత నున్నగా అంటే, వేలితో రాస్తే అతుకెక్కడుందో తెలిసేది కాదు. ఖాదర్ వలికి గర్వంతో ఛాతీ పొంగేది.

ఆ పొంగు కాలేజీ లాబుదాకానే. లెక్క ప్రకారం ఆ ముక్క నలభై టన్నులదాకా లాగినా ఓర్చుకోవాలి. లాబు మెకానిక్కు పున్నయ్య మిషను తిప్పుతూ, ముల్లు చూస్తూ, బస్టాండులో ఊళ్లపేర్లు చదివినట్టు అంకెలు చదివేవాడు. ఇరవై, ఇరవై అయిదు, ముప్పై. ఢామ్మని చప్పుడు.

"ముప్పై ఒకటి సారూ."

రెండో ముక్క ముప్పై ఒకటి. పదో ముక్క ముప్పై ఒకటి. పోనీ అతుకు ఊడిందా అంటే అదీ లేదు. అతుకు బంగారంలా నిలబడుతుంది. దాని పక్కనే, వేలి మందం దూరంలో, పలక తెగిపోతుంది.

ఖాదర్ వలికి తల ప్రాణం తోకకొచ్చింది. మిషను తేడా చేస్తోందేమోనని విప్పించాడు. మిషను శుభ్రంగా ఉంది. పున్నయ్య ఇది దిష్టేనని తేల్చి మిషనుకి నిమ్మకాయలు కట్టాడు. ఇది లాబా, లారీనా అని ఖాదర్ వలి అరిచి తీయించేశాడు. మర్నాడు ముక్క ముప్పైకే విరిగింది. "కట్టవయ్యా, ఆ నిమ్మకాయలు మళ్లీ కట్టు," అన్నాడు లెక్చరరుగారు. నవ్వకండి, మీ పుస్తకం ఆగిపోయి ఉంటే మీరు గుమ్మడికాయ కట్టేవాళ్లు.

ఉక్కే నాసిరకమని వాల్తేరుకి ఉత్తరం రాశాడు. అక్కడ నమూనాకి ఉంచుకున్న అతుకు లేని పలక లాగి చూసి, నలభై ఒకటి వచ్చిందని జవాబు రాశారు. అంటే ఉక్కు మంచిది, మిషను మంచిది, మామూ చెయ్యి బంగారం. మిగిలింది తనొక్కడే. తన లెక్కలే తప్పు, తన బుర్రే తప్పు అని ఖాదర్ వలి లోలోపల కుమిలిపోయాడు. దీనికితోడు ఊరు ఒకటి. కూరగాయల కోటమ్మ కూడా, "ఏంది సారూ, ఇయ్యాలన్నా విరక్కుండా నిలబడిందా?" అని పరామర్శించేది.

మూడేళ్లు ఇలాగే గడిచాయి. 1986 అక్టోబరుకి ఇరవై తొమ్మిది విరిగాయి. ఆ నెల్లో ఒకరోజు పొద్దున ముప్పయ్యోది అతికించి తెచ్చాడు. పెట్టెలో ఇంక ఆరు అతుకులకి సరిపడా పలకలున్నాయి, గడువు అయిదు నెలలుంది. ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని కంచంలో వేలితో లెక్కలు గీస్తున్నాడు.

"ఆ పప్పేం పాపం చేసింది?" అంది అబిదా. "తినండి. అంత బలంగా అతికినా విరుగుతున్నాయంటే మీ ఉక్కులోనే ఏదో ఉంది. మామూ అయితే పాపం పనైపోయినా వదలట్లేదు."

"ఏంది వదలట్లేదు?"

"పొద్దున మామూ ఇంట్లో అత్తమ్మ ఊళ్లో లేదని ఆయనకి క్యారేజీ ఇవ్వటానికి షెడ్డు వెనకమాలగా పోయా. మీ పలక అతకటం అయిపోయింది, మొహానికున్న ముసుగు తీశాడు, బీడీ నోట్లో పెట్టుకున్నాడు. మళ్లీ ఏమనుకున్నాడో, ముసుగేసుకుని దాని మీదే ఇంకా కాలుస్తున్నాడు. అయిపోయిందిగా మామూ అంటే, 'పని అయిపోయిందమ్మా, ఇది కొసరు' అన్నాడు."

ఖాదర్ వలి ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

కొసరు! మనవాళ్లకి చెప్పేదేముంది? కోటమ్మ వంకాయలు తూచాక తట్టలోంచి మరో రెండు తీసి పైన పడేస్తుంది. పాలమ్మి కొలిచాక ఇంత వంపుతుంది. వెయ్యకపోతే వాళ్లకే నామోషీ. మజీద్ మామూ తట్టలో ఉన్నది నిప్పు, ఆయన నిప్పే కొసరు వేస్తున్నాడు. కానీ ఈ గట్టి ఉక్కు ఆ మర్యాద ఎరగదు. దానికి బలమొచ్చిందే ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చడంవల్ల. దాని పక్కన అవసరానికి మించి వేడి పెడితే, అతుకు పక్కనున్న పలక మెత్తబడి కూర్చుంటుంది. పైన వేసిన కొసరంతా తర్వాత గీకేస్తున్నాడు కాబట్టి కంటికి కనపడదు, దాని వేడి చేసిన నష్టం మాత్రం లోపలే ఉండిపోతుంది. ప్రపంచంలో ఏ ఇంజనీరుకైనా వెల్డరు పని ఎగ్గొడతాడేమోనన్న భయం ఉంటుందిగానీ, ఎక్కువ చేస్తాడేమోనన్న భయం ఉంటుందా?

"మూడేళ్లనుంచి నువ్వు ఒక్కమాట..." అని మొదలుపెట్టాడు.

"నేను ఇయ్యాలే చూశా," అంది అబిదా. "మూడేళ్లనుంచి ఎదురుగా ఉన్నది మీరు. ఒక్కసారన్నా చూశారా? కుర్చీలో కూర్చుని బన్నులు తింటిరి!"

ఖాదర్ వలి ముద్ద కంచంలో పెట్టేసి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు మామూకి చెప్పేద్దామని వెళ్లాడు. టీ తాగి వచ్చాడు. రెండోనాడూ టీ తాగే వచ్చాడు. మూడోనాడు మజీద్ మామూయే నిలదీశాడు. "ఏందిరా, పలకల్లేకుండా వస్తన్నావు, టీ తాగి పోతన్నావు. ఇంట్లో ఏమన్నా గొడవా?"

"మామూ, ఈసారి ముక్కలకి... కొసరు వద్దు."

మజీద్ మామూ చేతిలో పని పక్కన పెట్టేశాడు. "కొసరు వద్దా? ముక్కూమొహం తెలవనోడికి వేస్తా, నీకు వెయ్యొద్దా? నేను నీకు పరాయోణ్ణయ్యానా?"

"అది కాదు మామూ..."

"నా చేతి అతుకు విరుగుతందని ఊరంతా నవ్వుతంటే నాకెట్టుంటదిరా? ఎవడికీ విరగనిది నీకే ఎందుకు విరుగుద్ది? నేను కుర్చీలో నిన్ను కూర్చోబెట్టి, అల్లా పేరు చెప్పుకుని, ఒకటికి రెండుసార్లు గట్టిచేసి పంపిస్తన్నా!"

మామూ అతికే ముక్కలు కూడా విరగ్గొట్టి చూడటానికేనన్న సంగతి ఆయనకి ఎవరూ విడమరిచి చెప్పలేదని ఖాదర్ వలికి అప్పుడు తెలిసింది. నోటితో చెప్పే ధైర్యం చాలక, తను పక్కనే నిలబడి కొసరు లేకుండా ఒక ముక్క అతికించుకుని, శుక్రవారం నమాజు కాగానే మామూని స్కూటరెక్కించుకుని కాలేజీకి తీసుకెళ్లాడు.

మజీద్ మామూ తెల్లచొక్కా వేసుకుని, అత్తరు పూసుకుని వచ్చాడు. పున్నయ్య స్టూలు వేశాడు. ముందు ముప్పయ్యో ముక్క పెట్టారు, కొసరుది. అంకెలు మొదలయ్యాయి. ముప్పై ఒకటికి ఢామ్మంది. మామూ ఉలిక్కిపడ్డాడు. తర్వాత కొసరు లేనిది పెట్టారు. ముప్పై ఒకటి దాటింది. ముప్పై అయిదు దాటింది. పున్నయ్య గొంతు పెరుగుతోంది. ముప్పై తొమ్మిది! నలభై! అప్పుడు విరిగింది. మూడేళ్ల తర్వాత మొదటిసారి నలభై అన్నానన్న సంబరంలో పున్నయ్య చప్పట్లు కొట్టి, ఎవరూ నవ్వకపోయేసరికి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

మజీద్ మామూ విరిగిన నాలుగు ముక్కలూ ఒళ్లో పెట్టుకుని చానాసేపు చూశాడు. తర్వాత, "ఒరేయ్, మరి నా ట్రక్కులు? ప్రభల చట్రాలు? వాటి మీద మనుషులెక్కుతారురా," అన్నాడు.

"వాటికేం కాదు మామూ. అది మామూలు ఇనుము, ఎంత వేడైనా తట్టుకుంటది. ఈ ఉక్కొక్కటే తట్టుకోలేదు."

"ఒట్టా?"

"అమ్మ మీద ఒట్టు."

మామూ ఊపిరి పీల్చుకున్నాడు. ఖాదర్ వలి మెల్లిగా అడిగాడు, "కొసరు కింద రాడ్డుతో ఎన్ని వరసలు ఎక్కువేశావు మామూ?"

"రెండు," అన్నాడు మామూ, నేలకేసి చూస్తూ. స్కూటరు ఎక్కనన్నాడు. బస్సులో వెళ్లిపోయాడు.

మిగిలిన అయిదు ముక్కలూ అతికేటప్పుడు ఖాదర్ వలి కుర్చీలో కూర్చోలేదు. పక్కనే నిలబడ్డాడు. పని అయ్యేసరికి మామూ చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడేది. "అయిపోయింది మామూ," అనేవాడు ఇతను. "అయిపోయిందా? ఇంతేనా?" అని మామూ దిగాలుగా రాడ్డు కింద పెట్టేవాడు. నూనె లేకుండా తాలింపు పెట్టమన్నట్టుంది ఆయనకి. ఆ అయిదూ నలభై దగ్గరే విరిగాయి.

ఇంక శేషగిరిరావు గారి ఆనందానికి అంతు లేదు. "పాడైపోయిన ముప్పై ముక్కలేనయ్యా నీ పుస్తకం! ఎక్కువ వేడివల్ల బలం ఎంత తగ్గుతుందో ఇంత నిలకడగా ఎవరు చూపించారు?" అని రాశారు. ఖాదర్ వలి పుస్తకం రాసి, టైపు చేయించి, జనవరిలో పంపించాడు. మామూ ఆ ఊసెత్తలేదు. టీకొట్టు ముందు కుర్చీ వేయించడం కూడా మానేశాడు. అది ఖాదర్ వలికి ముల్లులా గుచ్చుకునేది.

మార్చి ఆరున వాల్తేరు నుంచి కవరు వచ్చింది. పుస్తకం చదివిన పరీక్షకుడు ఒక్కచోట ఆగిపోయాడు. రెండు వరసలు ఎక్కువేస్తే, మీ లెక్క ప్రకారమే ముక్క ముప్పై అయిదుదాకా ఓర్చుకోవాలి, మరి ముప్పై ఒకటికే ఎలా విరిగింది? మీ లెక్కయినా తప్పయి ఉండాలి, మీ అంకెయినా తప్పయి ఉండాలి. వెల్డరుని అడిగి, సరిచేసి, గడువులోగా పంపితే సంతకం పెడతాను.

పది రోజులు ఖాదర్ వలి లెక్కలు తిరగేశాడు, బోర్లేశాడు. ముప్పై అయిదు ముప్పై అయిదుగానే వస్తోంది.

"వెల్డరుని అడగమని ఆయన ఇంగ్లీషులో రాశాడుగా," అంది అబిదా. "మీరు గోడల్ని అడుగుతున్నారేంది?"

"ఏ మొహం పెట్టుకుని అడగనే? ఆయన అబద్ధం చెప్పాడని నిలదీసినట్టు ఉండదా?"

"ఏడేళ్లు పోతే పోనీ అంటారా మరి?"

మర్నాడు ఎండలో పడి షెడ్డుకి వెళ్లాడు. మజీద్ మామూ ఒక్కడే ఉన్నాడు.

"పుస్తకం అయిపోయిందన్నావుగా?"

"ఒకచోట ఆగింది మామూ."

"నా దగ్గరేనా?" అన్నాడు మామూ. ఖాదర్ వలి తలూపాడు. "ఏం రాశావో చదువు. తెలుగులో చెప్పు."

ఖాదర్ వలి కాగితం తీసి చదివాడు. "ఒక వెల్డరు ప్రతి అతుక్కీ చెప్పినదానికంటే రెండు వరసలు ఎక్కువ వేశాడు. అందువల్ల ఉక్కు బలం తగ్గింది."

"ఒక వెల్డరేంది? నాకు పేరు లేదా?"

"తప్పు దగ్గర నీ పేరెందుకులే అని మామూ..."

"నలభై ఏళ్లలో నా పేరు చెప్పకుండా నా పని షెడ్డు దాటలేదురా. బాగున్న పనికి నేనూ, చెడ్డ పనికి ఎవడో ఒకడా? పేరు రాయి. ఊరు కూడా రాయి. మళ్లీ ఇట్టాంటి ఉక్కు ఇంకోడి షెడ్డుకి వస్తే, వాడైనా జాగ్రత్త పడతాడు."

ఖాదర్ వలి అలాగేనని పెన్ను తీశాడు గానీ, అసలు సంగతి ఇంకా అడగలేదు. చివరికి కళ్లు మూసుకుని అనేశాడు. "మామూ, రెండు వరసలకి లెక్క కుదరట్లేదు."

మామూ నెత్తి మీదికెత్తిన ముసుగు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఊళ్లోవాళ్లకిరా రెండు," అన్నాడు. "నీకు నాలుగు."

"నాలుగా?"

"మొదటి ముక్కనుంచీ నాలుగే. నువ్వు అంత చదువు చదివి, కాలేజీ పని నా షెడ్డుకి తెచ్చావు. ఊళ్లోవాళ్లతో సమానంగా వేసి పంపిస్తానా? ఆ రోజు ఆ మిషను దగ్గర ముక్క విరగ్గానే నా ప్రాణం పోయింది. అందరికంటే ఎక్కువ నష్టం నీకే చేశానని చెప్పటానికి నోరు రాలా. అందుకే రెండని చెప్పా."

రెండుకి అయిదు టన్నులు తగ్గితే, నాలుగుకి తొమ్మిదీ పదీ. ముప్పై, ముప్పై ఒకటి. పది రోజులుగా లొంగని లెక్క నోటితో చేసేంతలో వచ్చి కూర్చుంది. మార్చి ఇరవై ఎనిమిదిన డాక్టరేటు ఖాయమైందని టెలిగ్రాం రావడం తర్వాతి మాట. అప్పటికి మాత్రం ఖాదర్ వలికి డాక్టరేటూ గుర్తు లేదు, గడువూ గుర్తు లేదు. కళ్లనీళ్లు కారుతుంటే, కాగితం తొడమీద పెట్టుకుని 'ఒక వెల్డరు' కొట్టేసి, అబ్దుల్ మజీద్, నర్సరావుపేట అని రాశాడు. రెండు కొట్టేసి పక్కన నాలుగు వేశాడు.

మజీద్ మామూ కళ్లజోడు పెట్టుకుని, తనకి రాని ఇంగ్లీషు మీదకి వంగి, ఆ అంకె సరిగ్గా పడిందో లేదో చూసుకున్నాడు.